ఉత్తమ గాత్రం: మామయ్యగారు

అల్లుడు పనిచేసేది సంగీత పత్రికలో. అలాగని అతనికి పాడటం వచ్చనుకునేరు. గొప్ప గాయకుల పేర్లు నాలుగు చెప్పమంటే మూడు చెప్పి మంచినీళ్ళు తాగే రకం. అతని పని పేజీలు పేర్చడం. ఎవరో రాసిన రాతనీ, ఎవరో తీసిన ఫొటోనీ కంప్యూటరు తెర మీద అటూ ఇటూ జరిపి, ఎక్కడా ఖాళీ కనిపించకుండా సర్దుతాడు. రాసేవాళ్ళూ ఫొటోలు తీసేవాళ్ళూ చెప్పిన వేళకి ఇస్తే అది పత్రికే కాదు. అందుకని అవి వచ్చేదాకా ఆ చోట్లో ఏదో ఒకటి పడేసి ఉంచాలి. దాన్ని డమ్మీ అంటారు. బస్సులో సీటు మీద రుమాలు వేసి ఉంచినట్టన్నమాట.

అల్లుడు వాడే రుమాలు మామగారి ఫొటో. భక్తితో కాదు. నాలుగేళ్ళ క్రితం వృద్ధుల బస్సు పాసు కోసం తీయించిన ఫొటోని కంప్యూటర్లో ఎక్కించమని భార్య ఇస్తే, దాని కొలత పత్రికలోని ఫొటో గడికి కత్తిరించినట్టు సరిపోయింది. అప్పటి నుంచి ప్రతి నెలా మామగారు డ్రమ్ములు వాయించేవాడి చోట్లో రెండు రోజులు, గిటారు అమ్మాయి చోట్లో మూడు రోజులు కూర్చుని, అసలువాళ్ళు రాగానే మర్యాదగా లేచిపోతున్నారు. ఈ సంగతి ఆయనకి తెలియదు. తెలిసినా అల్లుడితో అనరు. ఎందుకంటే మామగారు అల్లుడితో మాట్లాడి మూడేళ్ళయింది.

ఇద్దరూ ఉండేది ఒకే ఇంట్లో. తినేది ఒకే బల్ల మీద. అయినా ఆయనకి ఉప్పు కావాలంటే కూతురితో, "అమ్మాయ్, ఉప్పు అటువైపు ఉందేమో మీ ఆయన్ని అడుగు" అంటారు. ఆవిడ మొగుడి వైపు తిరిగి, "ఉప్పు ఉందా అండీ" అంటుంది. అల్లుడు ఉప్పు భార్యకిస్తాడు, భార్య తండ్రికిస్తుంది. ఉప్పు అంత దూరం ప్రయాణం చేసేసరికి కూర చల్లారిపోతుంది.

దీనికంతటికీ మూలం అల్లుడి నోరు. మామగారు ముప్ఫై రెండేళ్ళు ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసి అంకెలు రాసుకునే ఉద్యోగం చేశారు. అత్తగారు పోయాక కూతురి దగ్గరికి వచ్చారు. పొద్దున్నే గెడ్డం గీసుకుంటూ బాత్రూములో పాడేవారు. ఆ గొంతు వింటే రేకు మీద మేకుతో గీసినట్టుండేది, అందులో అబద్ధం లేదు. ఒక ఆదివారం చుట్టాలంతా భోజనానికి కూర్చున్నప్పుడు అల్లుడు నలుగురినీ నవ్విద్దామని, "మామయ్యగారు పాడుతుంటే మా నీళ్ళ మీటరు వెనక్కి తిరుగుతోందండీ" అన్నాడు. నలుగురూ నవ్వారు. అందరికంటే ఎక్కువగా అల్లుడే నవ్వాడు. పాటనీ ఉద్యోగాన్నీ ఒకే రాయితో కొట్టానని అతనికి ఆ తర్వాత ఎప్పుడో తెలిసింది. మామగారు చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్ళారు. మర్నాటి నుంచి బాత్రూములోంచి నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మన పెద్దలు ఊరికే అనలేదు.

క్షమించమని అడుగుదామని అల్లుడు అనుకోని రోజు లేదు. గది తలుపు దాకా వెళ్ళేవాడు. లోపల ఆయన గొంతు సవరించుకునేవారు. అది ఆయన ఉద్యోగపు అలవాటు. గేటు దగ్గర పిలవకుండా, తట్టకుండా, గట్టిగా ఒక్కసారి గొంతు సవరించుకుంటే ఇంటివాళ్ళకీ కుక్కకీ కూడా మీటరాయన వచ్చాడని తెలిసేదట. ఆ చప్పుడు వినగానే అల్లుడికి వచ్చిన మాట వచ్చినట్టే లోపలికి పోయేది. చెప్పలేని మాటలన్నీ ఆఫీసులో డమ్మీ రాతలో పెట్టేవాడు. ఎలాగూ ఎవరూ చదవరు, అసలు రాత రాగానే చెరిగిపోతుంది.

ఇక అవార్డుల సంగతి. పత్రిక ఏటా పాఠకుల ఓట్లతో అవార్డులిస్తుంది. మొదట్లో సంగీతానికే ఇచ్చేవారు. సంగీతం వినేవాళ్ళు తగ్గి, చూసేవాళ్ళు ఎక్కువయ్యాక అన్నిటికీ ఇవ్వడం మొదలుపెట్టారు. ఉత్తమ జుట్టు, ఉత్తమ సబ్బు ప్రకటన పాట, సీరియళ్ళలో ఉత్తమ ఏడుపు, ఉత్తమ లిఫ్టు సంగీతం. కిందటేడు ఉత్తమ ఫోను మోతకి అవార్డు ఇస్తే, పుచ్చుకోవడానికి ఎవరు రావాలో తెలియక వేదిక మీద ఒక ఫోను పెట్టి మోగించారు. జనం చప్పట్లు కొట్టారు. వీటన్నిటికీ పెద్దది మాత్రం ఇప్పటికీ 'ఉత్తమ గాత్రం'.

ఈసారి ఉత్తమ గాత్రం నీలం రంగు జుట్టున్న గాయనికి వస్తుందని అందరికీ తెలుసు. అయినా ఓట్ల కూపన్ల లెక్క తేలలేదు. ప్రింటింగుకి పేజీలు వెళ్ళే రోజు మధ్యాహ్నానికి కూడా ఆవిడ ఫొటో రాలేదు, ప్రశంస రాలేదు. అల్లుడు అలవాటుగా మామగారి ఫొటో పెట్టాడు. పేరుండాల్సిన చోట 'మామయ్యగారు' అని కొట్టాడు. పక్కన ఇలా రాశాడు:

"ఈయన గొంతు సవరించుకుంటే ఇల్లంతా లేచి నిలబడుతుంది. ఈయన మాట కోసం నాలుగు గోడలూ మూడేళ్ళుగా చెవులు రిక్కించుకుని ఉన్నాయి. ఈ నిశ్శబ్దాన్ని తట్టుకోవడం అందరి వల్లా కాదు. తలుపు అవతల ఉన్నా ఉన్నారని తెలుస్తుంది. ఒక్కసారి మళ్ళీ పాడితే బాగుండును. అడగడానికి నోరు రావడం లేదు."

పేజీ నిండలేదు. అదే మళ్ళీ రెండుసార్లు కింద అతికించాడు. పేజీని కాగితం మీద ప్రింటు తీసి, ఇది డమ్మీ అని గుర్తుగా మూలన నీలం సున్నా చుట్టబోయాడు. నీలం కలం రాయలేదు. చేతికందిన ఎర్ర కలంతో పెద్ద ఇంటూ మార్కు కొట్టి, తప్పులు దిద్దే బల్ల మీద పడేసి టీకి వెళ్ళాడు.

అక్కడే కొంప మునిగింది. ఆ బల్ల దగ్గర ఇరవై ఆరేళ్ళుగా తప్పులు దిద్దే పెద్దావిడ ఉంది. లోకమంతా తప్పుకి ఇంటూ, ఒప్పుకి టిక్కు పెడితే ఆవిడ తప్పు దొరికిన పేజీకి టిక్కు పెడుతుంది, దొరకని పేజీకి ఇంటూ పెడుతుంది. ఎందుకమ్మా అంటే, "తప్పు పట్టడం నా పని. పట్టినప్పుడు టిక్కు. పట్టలేకపోతే ఇంటూ. ఇందులో అర్థం కానిదేముంది?" అంటుంది. ఆ ఆఫీసులో ఎర్ర ఇంటూ కనిపించిందంటే పేజీ కడిగిన ముత్యమని, నేరుగా ప్రెస్సుకి పంపొచ్చని అర్థం. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు నేర్పేది ఇదే. అల్లుడికీ తెలుసు, పదకొండేళ్ళుగా తెలుసు. నీలం కలం ఎండిపోయిన ఆ ఒక్క నిమిషంలో మర్చిపోయాడు.

వారం తర్వాత పొద్దున పదింటికి అచ్చయిన పత్రికల కట్ట ఆఫీసుకి వచ్చింది. అల్లుడు తిప్పుతూ తిప్పుతూ ముప్ఫై నాలుగో పేజీలో ఆగాడు. మామగారు బస్సు పాసు చూపులతో సూటిగా చూస్తున్నారు. కింద పెద్ద అక్షరాల్లో 'సంవత్సరపు ఉత్తమ గాత్రం: మామయ్యగారు'. అల్లుడి గుండె జారి చెప్పుల్లో పడింది.

ఉద్యోగం సంగతి తర్వాత గుర్తొచ్చింది. మొదట గుర్తొచ్చింది వేరే. పత్రిక ప్రతి ఒకటి ప్రెస్సు నుంచే నేరుగా పోస్టులో ఇంటికి వెళుతుంది. దాన్ని అట్ట నుంచి అట్ట దాకా భూతద్దం పెట్టి చదివేది మామగారే. నీళ్ళ మీటరు మాటకే మూడేళ్ళు మూగబోయిన మనిషి, ఇప్పుడు ఊరందరి ముందూ ఉత్తమ గాత్రమని వెక్కిరించారనుకుంటే ఇక ఆ ఇంట్లో ఉంటారా?

పరిగెత్తుకుంటూ సంపాదకుడి గదిలోకి వెళ్ళి జరిగింది చెప్పాడు. "సార్, వచ్చే నెల సవరణ వేద్దాం. ఇవాళే ఒక ప్రకటన ఇద్దాం."

సంపాదకుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మన పత్రిక పెట్టి ఎన్నేళ్ళయింది?"

"నలభై ఒకటి సార్."

"ఎన్ని సవరణలు వేశాం?"

"ఒక్కటీ లేదు సార్."

"మరి?"

నిజమే. ఆ పత్రిక తప్పు ఒప్పుకోదు. వెనకటికి ఒక వేణువు విద్వాంసుడు బతికుండగానే పోయాడని వేశారు. ఆయన స్వయంగా ఆఫీసుకి వచ్చి, కుర్చీలో కూర్చుని, కాఫీ తాగి మరీ బతికే ఉన్నానని చెప్పాడు. సవరణ వేయలేదు. ఆ తర్వాత ఆయన పదకొండేళ్ళు బతికి ఎన్నో కచేరీలు చేశాడు. ప్రతి కచేరీకీ పత్రిక చక్కగా సమీక్ష రాసింది, 'కీర్తిశేషులైన విద్వాంసుడు నిన్న సాయంత్రం శ్రోతల్ని అలరించారు' అని.

"అచ్చయింది కాబట్టి ఆయనే విజేత" అన్నాడు సంపాదకుడు. "వచ్చే శనివారం సాయంత్రం ఆయన వేదిక మీద ఉండాలి. లేకపోతే ఆ మర్నాటి నుంచి నువ్వు ఈ ఆఫీసులో ఉండవు. అన్నట్టు, ఆ ప్రశంస ఎవరు రాశారు? చాలా బాగుంది. మూడుసార్లు రావడం ఇంకా బాగుంది."

తప్పులు దిద్దే పెద్దావిడ కూడా అదే అంది. "ఇంటూ చూసి నేనే పెట్టాననుకున్నా. అయినా మళ్ళీ చదివాను బాబూ. ఈ సంచికలో మనసు పెట్టి రాసింది అదొక్కటే. మిగతావన్నీ సబ్బు ప్రకటనల్లా ఉన్నాయి."

అల్లుడు ఇల్లు చేరేసరికి పోస్టు వచ్చేసింది. మామగారి గది తలుపు వేసి ఉంది. భార్య వంటింట్లో నిలబడి ఉంది, చేతిలో గరిటె అలాగే ఉంది.

"చదివారా?" అన్నాడు అల్లుడు గుసగుసగా.

"గంటన్నర అయింది. ముప్ఫై నాలుగో పేజీ దగ్గర ఆగారు. భూతద్దం తీసుకుని లోపలికెళ్ళారు. నన్నేమీ అడగలేదు." ఆవిడ గరిటె కింద పెట్టింది. "ఎందుకు చేశారండీ ఇలా?"

జరిగింది చెప్పాడు. రుమాలు సంగతి, నీలం కలం సంగతి, ఇంటూ సంగతి. ఆవిడ అంతా విని, "నాలుగేళ్ళుగా మా నాన్న మొహంతో కన్నాలు పూడుస్తున్నారా?" అంది.

మామగారికి నిజం చెపితే అది ఇంకో అవమానం. చెప్పకపోతే మొదటి అవమానం అలాగే ఉంటుంది.

"నేను ఆ రోజు నవ్వకుండా ఉండాల్సింది" అన్నాడు.

"నవ్వినందుకు కాదండీ." ఆవిడ గొంతు తగ్గించింది. "ఆయన గొంతు సంగతి ఆయనకి తెలీదా? అమ్మ కూడా నవ్వేది. కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వేది. నవ్వాక, ఏదీ మళ్ళీ పాడండి అనేది. ఆయన పాడేవారు. మీరు నవ్వి కూర గిన్నె అందుకున్నారు."

మూడేళ్ళుగా అల్లుడు తప్పుడు తప్పుకి బాధపడుతున్నాడన్నమాట.

"ఒకటి మాత్రం చెప్తున్నా" అంది ఆవిడ. "అన్నయ్య ఎప్పటి నుంచో నాన్నని తన దగ్గరికి రమ్మంటున్నాడు. ఇప్పుడు నాన్న పెట్టె సర్దితే మళ్ళీ విప్పించడం నా వల్ల కాదు."

ఆ వారమంతా పిచ్చి ముదిరి పాకాన పడింది. నీలం జుట్టు గాయని తరఫున ఆవిడ మేనేజరు ఫోను చేశాడు. ఎవరీ మామయ్యగారు, ఎప్పుడూ వినలేదే అనబోయి, వినలేదంటే తనకి సంగీతం తెలియదనుకుంటారేమోనని మాట మార్చి, "ఈమధ్య వినడం కుదరట్లేదు" అన్నాడు. మర్నాడు ఆ అమ్మాయి తన అభిమానులకి సందేశం పెట్టింది, "చిన్నప్పటి నుంచి మామయ్యగారి గొంతు వింటూ పెరిగాను. ఈ అవార్డు ఆయనకి రావడమే న్యాయం" అని. దాంతో మిగతావాళ్ళకి గత్యంతరం లేకపోయింది. ఇంకో గాయకుడు తను ఇంకా చిన్నప్పటి నుంచి వింటున్నానన్నాడు. ఒక సంగీత విమర్శకుడు అరపేజీ వ్యాసం రాశాడు: "మామయ్యగారిని నేను పదేళ్ళ క్రితమే విన్నాను. అప్పటికింకా ఆ నిశ్శబ్దంలో పరిపక్వత రాలేదు." ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, పాట లేదు, పల్లవి లేదు, మామయ్యగారి పాటల్లో ఏది గొప్పదని జనం టీకొట్ల దగ్గర కొట్టుకున్నారు. పై అంతస్తు ఆయన మెట్ల మీద అల్లుణ్ణి ఆపి, గోడ అవతల ఇంత గొప్ప కళాకారుడున్నారని తెలియక ఇన్నాళ్ళూ టీవీ పెద్దగా పెట్టుకున్నానని నొచ్చుకున్నాడు.

మామగారు మాత్రం ఉలకలేదు, పలకలేదు. అల్లుడు మూడుసార్లు తలుపు దాకా వెళ్ళాడు. మూడుసార్లూ లోపలి నుంచి గొంతు సవరించుకున్న చప్పుడు, వెనక్కి రావడం. శుక్రవారం భోజనాల దగ్గర ఆయన కూతురితో, "అమ్మాయ్, ఆ కార్యక్రమం ఎన్నింటికో మీ ఆయన్ని అడుగు" అన్నారు.

"ఎన్నింటికి అండీ?"

"ఆరింటికి" అన్నాడు అల్లుడు భార్యతో.

"ఆరింటికట నాన్నా."

"సరే" అన్నారాయన. "చొక్కా ఇస్త్రీ చెయ్యాలి."

అది కోపమో, ఒప్పుకోవడమో ఇద్దరికీ అంతుపట్టలేదు. శనివారం పొద్దున భార్య తండ్రి గది ఊడ్చి వచ్చి మంచం మీద కూలబడింది. "పెట్టె సర్దేశారండీ. తాళం కూడా వేశారు. తలుపు పక్కన నిలబెట్టి ఉంది" అంది. ఆవిడ కళ్ళు తుడుచుకుంటుంటే అల్లుడు చూడలేక బయటికి వెళ్ళి, చేతిలో పనేమీ లేక నీళ్ళ మీటరు ముందు నిలబడ్డాడు. అది ముందుకే తిరుగుతోంది.

సాయంత్రం సభ ఎనిమిది వందల మందితో నిండిపోయింది. అల్లుడు వేదిక పక్కన తెర చాటున కంప్యూటరు దగ్గర ఉన్నాడు. విజేతల ఫొటోలు ఒక్కొక్కటీ పెద్ద తెర మీద వేయడం అతని పని. ఉత్తమ జుట్టు వచ్చి తల ఊపి వెళ్ళింది. ఉత్తమ ఏడుపు కృతజ్ఞతలు చెబుతూ ఏడిచింది, అవార్డు తగ్గట్టే ఉంది. లిఫ్టు సంగీతం వినిపిస్తే జనం అలవాటు కొద్దీ తలుపు వైపు చూశారు. ఆఖరికి సంపాదకుడు మైకు ముందుకొచ్చి, "ఉత్తమ గాత్రం, మామయ్యగారు" అన్నాడు. తనకంటే ఏడేళ్ళు చిన్నవాణ్ణి మామయ్యగారూ అంటూ చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కించాడు.

మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. జేబులో పాత టార్చిలైటు ఉంది, మీటర్లు చూసే రోజుల్నాటిది, అది లేనిదే ఆయన గడప దాటరు. అవార్డు పుచ్చుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి, అడుగున అంకె ఏమైనా ఉందేమోనని చూశారు. అప్పుడు మైకు దగ్గరికొచ్చి, కొత్త గేటు ముందు నిలబడితే ఏం చేస్తారో అదే చేశారు. గొంతు సవరించుకున్నారు.

ఎనిమిది వందల మందీ లేచి నిలబడ్డారు. ఆయన గొంతు సవరించుకుంటే లేచి నిలబడాలని పత్రికలో మూడుసార్లు చదివినవాళ్ళు కదా.

ఆయన కంగారుపడి వెనక్కి చూశారు, ఎవరైనా పెద్దమనిషి వచ్చాడేమోనని. ఎవరూ లేరు. "కూర్చోండి" అన్నారు.

చప్పట్లు మారుమోగాయి. మొదటి వరసలో విమర్శకుడు కళ్ళు మూసుకుని ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు. అందరూ కూర్చున్నాక మామగారు, గెడ్డం గీసుకునేటప్పుడు బుగ్గ సాగదీసినట్టు మూతి ఒక పక్కకి పెట్టి, పాడటం మొదలుపెట్టారు.

అది ఆయన స్వయంగా కట్టుకున్న పాట. ఏ వీధిలో ఏ ఇంట్లో కుక్క ఉందో మర్చిపోకుండా ఉద్యోగంలో చేరిన కొత్తలో కట్టుకున్నది.

"నాలుగో ఇంటి గేటు వెనక నల్లకుక్క ఉంది చూడు,
అయిదో ఇంటి తాతగారికి అరిచినా వినపడదు నేడు,
ఆరో ఇంటి మీటరు మీద పూలకుండీ పెట్టినారు,
ఎత్తమంటే ఎత్తరండీ, ఎత్తితే తిట్టిపోస్తారు..."

మూడేళ్ళు వాడకపోవడంతో మేకు ఇంకా తుప్పు పట్టింది. 'తిట్టిపోస్తారు' దగ్గర గొంతు ఎక్కడికో ఎక్కబోయి, అందక జారి, ఇంకెక్కడో పడింది. మైకు కూడా ఒకసారి కీచుమంది. ఇంత జరుగుతున్నా సభలో ఒక్కరి మొహమూ చలించలేదు. తలలు పంకిస్తున్నారు. నీలం జుట్టు గాయని గుండె మీద చెయ్యి వేసుకుంది. సంపాదకుడు కళ్ళు మూసుకున్నాడు. ఎనిమిది వందల మంది గంభీరంగా కూర్చుని కుక్కల జాబితా వింటున్నారు.

అల్లుడు పెదవి కొరుక్కున్నాడు. ఊపిరి బిగబట్టాడు. పూలకుండీ దాటేదాకా ఆగాడు. ఆ పైన వల్ల కాలేదు. నవ్వాడు. ఏదో ముసిముసిగా కాదు, మూడేళ్ళ క్రితం భోజనాల బల్ల దగ్గర నవ్వినట్టే నవ్వాడు. అంత పెద్ద సభలో ఆ ఒక్క నవ్వూ వేదిక పక్క నుంచి స్పష్టంగా వినిపించింది.

మామగారు పాట ఆపేశారు.

సభ అంతా అల్లుడి వైపు తిరిగింది. విమర్శకుడు కళ్ళు తెరిచి పురుగును చూసినట్టు చూశాడు. రెండో వరసలో కూర్చున్న భార్య రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. మామగారు మెల్లగా తల తిప్పి, తెర చాటున ఉన్న అల్లుణ్ణి చూశారు. ఆ రోజు చెయ్యి కడుక్కోవడానికి లేచే ముందు చూసిన చూపే. అప్పుడు అల్లుడికి ఆ చూపు కోపంలా కనిపించింది. అది కోపం కాదని, ఆయన ఏదో మాట కోసం ఎదురుచూస్తున్నారని ఇప్పుడు తెలిసింది. నోరు రాదేమోనని భయం వేసింది.

"మళ్ళీ పాడండి మామయ్యగారూ" అన్నాడు.

ఆయన కదలలేదు.

అల్లుడు తెర చాటు నుంచి వెలుతురులోకి వచ్చాడు. "ఆ పూలకుండీ దగ్గర నుంచి. మళ్ళీ ఒక్కసారి పాడండి."

సభకి ఇదేమిటో అర్థం కాలేదు. అర్థం కానిది గొప్పదే అయి ఉంటుందని విమర్శకుడు మొదట లేచి, "మళ్ళీ" అన్నాడు. వెనక వరసలు అందుకున్నాయి. ఎనిమిది వందల గొంతులు మళ్ళీ, మళ్ళీ అంటుంటే మామగారు ఒక్కరి గొంతే విన్నట్టు అల్లుడి వైపే చూస్తూ గొంతు సవరించుకుని, నాలుగో ఇంటి కుక్క దగ్గర నుంచి మొత్తం పాడారు. ఈసారి ఇంకా ఘోరంగా ఉంది. అల్లుడు కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు. ఆ నీళ్ళన్నీ నవ్వువే అని అతను కూడా చెప్పలేడు.

ముగ్గురూ ఇంటికి బస్సులో బయల్దేరారు. సంపాదకుడు కారు పంపుతానంటే, పాసు ఉండగా కారెందుకని మామగారు ఒప్పుకోలేదు. కండక్టరుకి పాసు చూపించి కిటికీ పక్కన కూర్చున్నారు. పక్కన అల్లుడు, ముందు సీట్లో భార్య. అవార్డు మామగారి ఒళ్ళో ఉంది. ఇల్లు దగ్గరపడేకొద్దీ అల్లుడికి తలుపు పక్కన తాళం వేసి నిలబెట్టిన పెట్టె గుర్తొస్తోంది. అన్నీ చెప్పేద్దామని నోరు తెరిచాడు.

"మామయ్యగారూ, ఆ ఫొటో సంగతి..."

మామగారు పాసు తెరిచి, అందులోని తన ఫొటోని టార్చి వేసి చూసుకుంటున్నారు.

"అమ్మాయ్, మీ ఆయనకి చెప్పు" అన్నారు. ముందు సీట్లో భార్య వెనక్కి తిరిగింది. ఆయన మళ్ళీ ఏమనుకున్నారో, వద్దన్నట్టు చెయ్యి ఊపి, అల్లుడి వైపు తిరిగారు.

"అల్లుడుగారూ, నేను ప్రతి ఇంటి మీటరూ మూత తీసి చూసినవాణ్ణి. ఆ రాత అవార్డు కోసం రాసింది కాదని నాకు మొదటి లైన్లోనే తెలిసింది. మూడుసార్లు ఎందుకుందో మాత్రం తెలీలేదు."

"పేజీ నిండలేదండీ" అన్నాడు అల్లుడు.

"అదా." ఆయన తల ఊపారు. "వంటింట్లో అమ్మాయి అన్నది గోడ అవతల నాకూ వినపడింది లెండి. ఖాళీల్లో వేసుకోవడానికి ఈ ఫొటో బాగోలేదండీ. ఇందులో నేను దొంగలా ఉన్నాను. మీ అత్తయ్య తీసింది ఒకటి ఉంది, నవ్వుతూ. పెట్టెలో అన్నిటికంటే అడుగున పడింది. ఇంటికెళ్ళాక పెట్టె విప్పుతాను కదా, అప్పుడు తీసిస్తాను."